రోడ్ బైక్‌కి కాంపాక్ట్ క్రాంక్‌సెట్: కొనేముందు ఏం కొలవాలి, ఎలా ఎంచుకోవాలి

"అన్నా, కాంపాక్ట్ వేయిస్తే ఘాట్ ఎక్కగలనా?" అరకు రైడ్ అయిన మర్నాడు ఎవరో ఒకరు ఈ మాట అడగకుండా ఉండరు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి చూసి పెట్టుకుని, ఆర్డర్ చేయడమే తరువాయిగా ఉంటారు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఆర్డర్ పెట్టేముందు ఒక గంట సైకిల్ పక్కన కూర్చోండి. క్రాంక్‌సెట్ (పెడళ్లు బిగించే రెండు ఆర్మ్‌లు, ముందు పళ్ల చక్రాలు కలిసిన భాగం) అనేది చివర ఎంచుకోవాల్సిన వస్తువు. మీకు కావాల్సిన తేలిక గేర్ ఎంతో ముందు తేలాలి. ఆ తర్వాత వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి, అంటే క్యాసెట్, ఆ తర్వాత మీ ఫ్రేమ్ దేన్ని ఒప్పుకుంటుందో చూడాలి. ఇవన్నీ తేలాక ఏది కొనాలో దానంతటదే తెలుస్తుంది.

పేర్ల గొడవ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రాన్ని చైన్‌రింగ్ అంటారు. ముందు పెద్ద చైన్‌రింగ్‌కి 53 పళ్లు, చిన్నదానికి 39 ఉంటే స్టాండర్డ్. 50, 34 ఉంటే కాంపాక్ట్. మధ్యలో 52/36 ఉంది, దాన్ని సెమీ కాంపాక్ట్ అంటారు. 48/32, 46/30 లాంటివి ఇంకా తేలిక, వాటిని సబ్ కాంపాక్ట్ అంటారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

కాగితం, పెన్ను, సుద్దముక్క, మిల్లీమీటర్లున్న స్కేలు లేదా టేపు, పాత గుడ్డ, కొంచెం డీగ్రీజర్ లేదా కిరోసిన్. బిగించే పని కూడా మీరే చేస్తే అలెన్ కీల సెట్, టార్క్ రెంచ్, మీ బాటమ్ బ్రాకెట్‌కి (ఫ్రేమ్‌లో క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగ్ భాగం) సరిపోయే టూల్, చైన్ టూల్, గ్రీజు కావాలి. టార్క్ రెంచ్ లేకపోతే కొలతలు మీరు తీసుకుని బిగింపు మెకానిక్‌కి వదిలేయండి.

1. ఇప్పుడున్న పళ్లు లెక్కపెట్టండి

చైన్‌రింగ్ మీద అంకె అచ్చు వేసి ఉంటుంది. అరిగిపోయి కనబడకపోతే ఒక పన్ను మీద సుద్దతో గీత పెట్టి, అక్కడ్నుంచి లెక్కపెట్టుకుంటూ మళ్లీ ఆ గీత దగ్గరికి రండి. క్యాసెట్‌లో అన్నిటికన్నా పెద్ద స్ప్రాకెట్ (పళ్ల చక్రం), చిన్న స్ప్రాకెట్ రెండిటి పళ్లూ రాసుకోండి. వెనక ఎన్ని స్పీడ్లో, అంటే ఎన్ని స్ప్రాకెట్లో, అదీ రాయండి. "నాది 105 అన్నా" అని షిమానో కంపెనీ సిరీస్ పేరు చెప్తే సరిపోదు. ఆ పేరుతో 10, 11, 12 స్పీడ్లు మూడూ వచ్చాయి.

2. ఎక్కుడులో మీ కాళ్ల వేగం చూడండి

చాలామంది వదిలేసేది ఈ మెట్టే. మీరు మామూలుగా వెళ్లే ఎక్కుడులో అన్నిటికన్నా కష్టమైన చోట స్పీడ్ ఎంత, నిమిషానికి పెడల్ ఎన్ని సార్లు తిరుగుతోంది అన్నవి కావాలి. కేడెన్స్ సెన్సర్ లేకపోతే కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి.

నా లెక్క చెప్తాను. ఎస్.కోట దాటి ఘాట్ మొదలయ్యాక టైడ పైన నా స్పీడ్ గంటకు 8.5 కిలోమీటర్లకు పడిపోయేది. గేర్ 39/25, అంటే ముందు 39 పళ్లు, వెనక 25. పెడల్ నిమిషానికి 43 సార్లు తిరిగేది. ప్రతి తొక్కుకీ హ్యాండిల్ లాగి, నడుం వంచి, మోకాలి చిప్ప కింద సన్నగా పోటు. దమ్ము ఉన్నా మోకాళ్లు ఆగమనేవి. గేర్ చాలడం లేదంటే ఇదే గుర్తు.

700×25 టైరు ఒక్కసారి తిరిగితే దాదాపు 2.105 మీటర్లు ముందుకు వెళ్తుంది. ముందు పళ్లని వెనక పళ్లతో భాగించి 2.105తో గుణిస్తే, పెడల్ ఒక్క చుట్టుకి మీరు ఎంత దూరం వెళ్తారో వస్తుంది.

39/25: 3.28 మీటర్లు
39/28: 2.93 మీటర్లు
39/32: 2.57 మీటర్లు
36/32: 2.37 మీటర్లు
34/28: 2.56 మీటర్లు
34/32: 2.24 మీటర్లు
30/32: 1.97 మీటర్లు

అదే 8.5 స్పీడ్‌లో 34/28 వేస్తే కాళ్లు 55 తిరుగుతాయి, 34/32 వేస్తే 63. కూర్చుని చాలాసేపు ఎక్కాలంటే 60 దాటాలన్నది నా అనుభవం. మీ స్పీడ్‌ని నిమిషానికి మీటర్లలోకి మార్చి 60తో భాగించండి. నాకు 8.5 అంటే నిమిషానికి 141.7 మీటర్లు. 60తో భాగిస్తే 2.36. అంతకు మించని గేర్ నాకు కావాలన్నమాట. మీ అంకె కాగితం మీద పెద్దగా రాసి గీత కొట్టుకోండి. ఇక నుంచి ప్రతి నిర్ణయానికీ అదే ఆధారం.

బ్రెవే (టైమ్ హద్దులో పూర్తిచేసే దూరపు రైడ్) తొక్కేవాళ్లు ఇంకొక మెట్టు తేలిక గేర్ వేసుకోండి. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు టైమ్ ఉంటుంది కాబట్టి తొందర లేదు. కానీ 150 దాటాక వచ్చే ఎక్కుడు పొద్దున ఎక్కినట్టు ఉండదు, పైగా బ్యాగ్ బరువు కూడా ఉంటుంది.

3. క్యాసెట్ మార్చితే సరిపోతుందేమో ముందు చూడండి

పై లెక్కలో 39/32నీ 34/28నీ మళ్లీ చూడండి. దాదాపు ఒకటే. అంటే మీ దగ్గర స్టాండర్డ్ 53/39 ఉండి, వెనక 25 ఉంటే, క్రాంక్ ముట్టుకోకుండా 32 పళ్ల క్యాసెట్ వేసినా కాంపాక్ట్ ప్లస్ 28 ఇచ్చే తేలిక వచ్చేస్తుంది. సాధారణంగా ఖర్చు తక్కువ, బాటమ్ బ్రాకెట్ తలనొప్పి ఉండదు. దానికి వెనక డీరైలర్ (చైన్‌ని ఒక స్ప్రాకెట్ నుంచి ఇంకోదానికి మార్చే భాగం) ఒప్పుకోవాలి.

డీరైలర్‌కి రెండు హద్దులు ఉంటాయి. ఒకటి, అది మోయగల అతి పెద్ద స్ప్రాకెట్. రెండోది, మొత్తం కెపాసిటీ: ముందు రెండు రింగుల తేడా, వెనక పెద్ద చిన్న స్ప్రాకెట్ల తేడా కలిపితే వచ్చేది. 50/34కి వెనక 11-28 (చిన్నది 11, పెద్దది 28 పళ్లు) అయితే 16, 17 కలిపి 33. 11-32 అయితే 37. ఉదాహరణకి షిమానో 105 లో 5800 సిరీస్ పొట్టి కేజ్ (చైన్‌ని పట్టి ఉంచే కింది చట్రం) డీరైలర్ పరిమితి 28 పళ్లు, కెపాసిటీ 33. పొడవు కేజ్ అయితే 32 పళ్లు, 37. ఆ తర్వాత వచ్చిన ఆర్7000లో పొట్టిది 30కి, పొడవుది 34కి వెళ్తుంది. మీ డీరైలర్ లోపలివైపు మోడల్ నంబర్ ఉంటుంది. దాన్ని రాసుకుని కంపెనీ స్పెసిఫికేషన్‌లో చూసుకోండి.

"పర్లేదు, రెండు పళ్లు ఎక్కువైనా లాగేస్తుంది" అని కొందరు చెప్తారు. కొన్నిసార్లు నిజంగానే లాగేస్తుంది. కానీ చైన్ పొడవు కూడా తప్పితే, పెద్ద రింగ్‌లో ఉండి పెద్ద స్ప్రాకెట్‌కి మార్చిన క్షణాన డీరైలర్, దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ రెండూ విరగొచ్చు. ఘాట్ మధ్యలో ఆ పని జరిగితే బండి మోసుకుంటూ దిగాలి.

4. టాప్ గేర్ గురించి భయపడకండి

"50 అయితే దిగుడులో కాళ్లు ఖాళీగా తిరుగుతాయి కదా" అంటారు. 50/11 గేర్ 53/12 కన్నా కొంచెం బరువైనదే. నిమిషానికి 90 తొక్కితే 50/11లో గంటకు 51 కిలోమీటర్లు దాటుతుంది. రేసుల్లో స్ప్రింట్ చేసేవాళ్లు, గాలి వెనక నుంచి తోసే చోట గ్రూపుగా తొక్కేవాళ్లు తప్ప మిగతావాళ్లకి ఇది చాలు. ఒక్కటి చూసుకోండి: మీ క్యాసెట్ 12తో మొదలైతే 50/12 కొంచెం తేలిక అనిపిస్తుంది.

రోజూ హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పున్న ట్రాక్ మీద తొక్కి, నెలకోసారి వికారాబాద్ అనంతగిరి వెళ్లేవాళ్లకి నా ఓటు 52/36, వెనక 11-32. చదునులో 50 రింగ్ వాడితే చైన్ ఎప్పుడూ చిన్న స్ప్రాకెట్ల మీదే ఉండి అవి త్వరగా అరుగుతాయి. అరకు, శ్రీశైలం వైపు తరచూ వెళ్లేవాళ్లకి 50/34.

5. బాటమ్ బ్రాకెట్ ఏదో తేల్చుకోండి

డబ్బు పోయేది ఇక్కడే. కొన్నేళ్ల క్రితం ఒక షాపులో "అన్నీ ఒకటే సార్, పడతాయి" అన్న మాట నమ్మి నేను ఒక క్రాంక్‌సెట్ తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే దాని ఇరుసు 30 మి.మీ., నా బేరింగ్ రంధ్రం 24. పెట్టె తెరిచేశానని వెనక్కి తీసుకోలేదు. అప్పట్నుంచి కొలవకుండా ఏదీ కొనలేదు.

గుడ్డతో బాటమ్ బ్రాకెట్ చుట్టూ మట్టి తుడవండి. కిరోసిన్ బేరింగ్ లోపలికి పోనివ్వకండి. ఇప్పుడు చూడండి.

ఫ్రేమ్ బయట రెండువైపులా గాళ్లున్న కప్పులు కనబడితే అది మరల రకం. కప్పు మీద 1.37×24 అని ఉంటే బీఎస్ఏ మర, ఫ్రేమ్ గొట్టం వెడల్పు 68 మి.మీ. మన చిన్నప్పటి బీఎస్ఏ సైకిల్ పేరూ ఇదీ ఒక్కచోటి నుంచే వచ్చాయి: బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. కప్పు మీద 36×24 అని, వెడల్పు 70 ఉంటే ఇటాలియన్.

గాళ్లేమీ లేకుండా బేరింగ్ నేరుగా ఫ్రేమ్‌లోకి దిగి ఉంటే ప్రెస్‌ఫిట్. ఇందులో చాలా సైజులున్నాయి. ఫ్రేమ్ మోడల్ పట్టుకుని కంపెనీ వివరాలు చూడటమే దారి.

క్రాంక్ మధ్యలో మూత తీస్తే బోల్టు, దాని వెనక నలుచదరం ఇరుసు ఉంటే స్క్వేర్ టేపర్. తక్కువ ధర రోడ్ బైకుల్లో ఇది ఇంకా వస్తోంది. అప్పుడు కొత్త క్రాంక్‌తో పాటు బాటమ్ బ్రాకెట్ కూడా కొనే లెక్క వేసుకోండి.

తర్వాత కొనబోయే క్రాంక్ ఇరుసు చూడండి. షిమానో హాలోటెక్ 2 అయితే 24 మి.మీ. స్రామ్ జీఎక్స్‌పీకి ఒకవైపు 24, రెండోవైపు 22. స్రామ్ డబ్ దాదాపు 29. బీబీ30 రకం 30. మీ ఫ్రేమ్‌కీ ఆ ఇరుసుకీ మధ్య సరిపోయే బేరింగ్ సెట్ దొరుకుతుందా అన్నదే అసలు ప్రశ్న. 24 మి.మీ. ఇరుసుకి దాదాపు ప్రతి ఫ్రేమ్‌కీ ఏదో ఒక బేరింగ్ సెట్ దొరుకుతుంది. అందుకే ఏదీ తేల్చుకోలేనివాళ్లకి నేను అదే చెప్తాను.

6. రింగులు మాత్రం మారిస్తే చాలేమో చూడండి

ఐదు బోల్టుల క్రాంక్ అయితే పక్కపక్కన ఉన్న రెండు బోల్టుల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, కొలవండి. 64.7 మి.మీ. వస్తే అది 110 బీసీడీ (బోల్టులన్నీ కూర్చునే వలయం వ్యాసం 110 మి.మీ. అని). దానికి 34 రింగ్ పడుతుంది. 76.4 వస్తే 130 బీసీడీ. దానికి 38 కన్నా చిన్న రింగ్ బిగించలేరు, కాబట్టి క్రాంక్ మొత్తం మారాల్సిందే.

షిమానోలో మధ్య ఎడం సమానంగా లేని నాలుగు చేతులున్న క్రాంక్ ఉందా? డ్యూరా-ఏస్ 9000, అల్టెగ్రా 6800, 105 5800 నుంచి ఈ రకం వచ్చింది. వీటిలో 53/39, 52/36, 50/34 మూడింటికీ బోల్టు రంధ్రాలు ఒకటే. రెండు రింగులు కొంటే పని అయిపోతుంది. చాలామందికి ఇది తెలియక కొత్త క్రాంక్ కొనేస్తున్నారు. రింగులు మాత్రం జతగా, ఒకే సిరీస్‌వి తీసుకోండి. 53 రింగ్ పక్కన 34 పెడితే షిఫ్టింగ్ పాడవుతుంది.

7. ఫ్రంట్ డీరైలర్ దిగుతుందా?

ఒక్కో పన్ను తగ్గితే రింగ్ అంచు సుమారు 2 మి.మీ. కిందికి దిగుతుంది. 53 నుంచి 50కి వస్తే 6 మి.మీ. ముందు రింగుల మధ్య చైన్ మార్చే ఫ్రంట్ డీరైలర్ కూడా అంతే దిగాలి. గొట్టం చుట్టూ పట్టీతో బిగించే రకమైతే బెంగ లేదు. ఫ్రేమ్‌కి అతికించిన కొక్కేనికి బిగించే రకమైతే గాడిలో బోల్టు కింద 6 మి.మీ. ఖాళీ ఉందో లేదో ఇప్పుడే స్కేలు పెట్టి చూడండి.

46/30 వైపు వెళ్లేవాళ్లకి ఇంకో హెచ్చరిక. షిమానో జీఆర్ఎక్స్ (గ్రావెల్ బైకుల సిరీస్) క్రాంకుల్లో చైన్ మామూలు రోడ్ క్రాంక్ కన్నా 2.5 మి.మీ. బయటికి ఉంటుంది. వాటికి జీఆర్ఎక్స్ ఫ్రంట్ డీరైలరే కావాలి.

8. ఆర్మ్ పొడవు

ఆర్మ్ లోపలివైపు, పెడల్ రంధ్రం దగ్గర 165, 170, 172.5 ఇలా ఉంటుంది. ఇబ్బంది లేకపోతే అదే పొడవు తీసుకోండి. 5 మి.మీ. తగ్గిస్తే సీటు 5 మి.మీ. పైకి లేపండి.

9. సెకండ్ హ్యాండ్ అయితే

పళ్లు సొరచేప రెక్కలా ఒకవైపుకి వంగి ఉంటే రింగుల ఖర్చు కలుపుకోండి. పెడల్ మరల్లో వేలు పెట్టి చూడండి, పెడల్‌ని చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కించి చూడండి.

2012 జూన్ నుంచి 2019 జూన్ మధ్య తయారైన 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా-ఏస్ క్రాంకులకి షిమానో 2023 సెప్టెంబరులో తనిఖీ కార్యక్రమం ప్రకటించింది. వాటిలో రెండు భాగాలు అతికించి ఉంటాయి, ఆ అతుకు విడిపోయే ప్రమాదం ఉంది. 6800, ఆర్8000, 9000, ఆర్9100 అన్న మోడళ్లు ఇందులోకి వస్తాయి. ఆర్మ్ లోపల రెండక్షరాల తయారీ కోడ్ ఉంటుంది. ఆ కోడ్ కేఎఫ్ నుంచి ఆర్ఎఫ్ మధ్యదైతే, తనిఖీ అయినట్టు రుజువు లేకుండా కొనకండి. ఎంత చవకగా ఇచ్చినా సరే. దిగుడులో క్రాంక్ విడిపోతే నిలదొక్కుకునే టైమ్ ఉండదు.

10. బిగింపు (24 మి.మీ. హాలోటెక్ రకానికి)

ముందు చైన్‌ని చైన్‌రింగ్ మీద నుంచి తీసి ఫ్రేమ్ మీద వేలాడేయండి. ఎడమ ఆర్మ్‌కున్న రెండు బోల్టులూ వదులు చేసి, మధ్యలో ఉన్న చిన్న ప్లాస్టిక్ తాళాన్ని పైకి లేపి, మూత తీస్తే ఆర్మ్ వచ్చేస్తుంది. కుడివైపు నుంచి క్రాంక్ లాగండి. రాకపోతే ఇరుసు కొనని రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. ఇనప సుత్తి వద్దు.

కప్పులు కూడా మారుస్తుంటే దిశ జాగ్రత్త. బీఎస్ఏలో కుడి కప్పుకి ఎడమ మర ఉంటుంది. గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. ఇటాలియన్‌లో రెండూ మామూలే. ఇది తెలియక బలవంతంగా తిప్పి ఫ్రేమ్ మర పోగొట్టుకున్నవాళ్లున్నారు. మరలకి గ్రీజు రాసి, మొదటి మూడు చుట్లు చేత్తోనే ఎక్కించండి. చివర్లో 35 నుంచి 50 న్యూటన్ మీటర్లు.

కొత్త క్రాంక్ ఇరుసుకి పల్చగా గ్రీజు రాసి దోపండి. ఎడమ ఆర్మ్ పెట్టి మూత వేళ్లతో తిప్పినంత బిగువుకి, అంటే 0.7 నుంచి 1.5 న్యూటన్ మీటర్ల వరకే బిగించండి. ఈ మూత పని బేరింగ్ ఆట తీయడం మాత్రమే. ప్లాస్టిక్ తాళాన్ని ఇరుసులోని రంధ్రంలో పూర్తిగా కూర్చోబెట్టండి. తర్వాత రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా 12 నుంచి 14 వరకు. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే మొదటిది వదులైపోతుంది.

చైన్ పొడవు: డీరైలర్‌లోంచి దూర్చకుండా పెద్ద రింగ్, పెద్ద స్ప్రాకెట్ మీద చుట్టి, కొసలు కలిసే చోటు నుంచి ఇంకో రెండు లింకులు ఉంచండి. క్యాసెట్ కూడా పెంచుతుంటే పాత చైన్ చాలకపోవచ్చు.

సరిగ్గా కుదిరిందో లేదో ఇలా చూడండి

ఆర్మ్ పట్టుకుని పక్కలకి ఊపండి. ఏమాత్రం ఆట ఉండకూడదు. చైన్ తీసేసి క్రాంక్ తిప్పితే గరగర లేకుండా సాఫీగా తిరగాలి. బరువుగా తిరుగుతుంటే మూత ఎక్కువ బిగించారు.

ఫ్రంట్ డీరైలర్ బయటి పలకకీ, పెద్ద రింగ్ పళ్లకీ మధ్య ఖాళీ 1 నుంచి 3 మి.మీ. ఉండాలి. ఒక రూపాయి నాణెం పట్టాలి, రెండు కలిపి పెడితే బిగుతుగా ఉండాలి. ఈ ఖాళీ ఎక్కువైతే చైన్ పెద్ద రింగ్‌కి ఎక్కడానికి మొరాయిస్తుంది. కొత్త కాంపాక్ట్ "షిఫ్ట్ అవ్వట్లేదు" అని తెచ్చేవాళ్లలో ఎక్కువమందికి డీరైలర్ దింపకపోవడమే కారణం.

పెద్ద రింగ్ పెద్ద స్ప్రాకెట్ మీద మెల్లగా, చేత్తో తిప్పుతూ చూడండి. డీరైలర్ మరీ ముందుకు సాగిపోకూడదు. చిన్న రింగ్ చిన్న స్ప్రాకెట్ మీద చైన్ వేలాడకూడదు. వేలాడితే రెండు లింకులు తీసి, పెద్ద-పెద్ద మళ్లీ చూసుకోండి.

రోడ్డెక్కాక కొత్తగా అనిపించేది 16 పళ్ల తేడా. 50 నుంచి 34కి దించగానే కాళ్లు ఖాళీగా తిరుగుతాయి. ముందు దించుతూనే వెనక రెండు మూడు స్ప్రాకెట్లు చిన్నవైపుకి మార్చండి. 50/21 నుంచి 34/15కి వస్తే తేడా పెద్దగా తెలియదు. ఎక్కుడు మొదలవకముందే దించండి. బలంగా తొక్కుతూ దించితే చైన్ లోపలికి జారి ఫ్రేమ్ గీసుకుపోతుంది. అలా రెండుసార్లు జరిగితే ఫ్రంట్ డీరైలర్ లోపలి హద్దు స్క్రూ సరిచేయించి, చైన్ లోపలికి జారకుండా ఆపే చిన్న చైన్ క్యాచర్ వేయించుకోండి.

పెడల్ ప్రతి చుట్టుకీ ఒక్కసారి "టక్" అని వినబడితే ఆగండి. ముందు పెడల్, తర్వాత ఎడమ ఆర్మ్ బోల్టులు, తర్వాత చైన్‌రింగ్ బోల్టులు ఈ వరుసలో చూడండి. శబ్దం లేకపోయినా మొదటి 100 కిలోమీటర్ల తర్వాత అన్నిటికీ మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి.

తర్వాత అదే ఎక్కుడుకి, అదే చోటికి వెళ్లి 15 సెకన్లు మళ్లీ లెక్కపెట్టండి. కాగితం మీద మీ పాత అంకె (నాకైతే 43) పక్కన కొత్త అంకె రాయండి. 60 దాటితే సైకిల్‌ని ఇక కదపకండి. ఇంకా 55 దగ్గరే ఉంటే క్రాంక్ మార్చకండి. డీరైలర్ ఒప్పుకునేంతలో క్యాసెట్‌నే ఇంకో మెట్టు పెంచండి.